ఫుట్‌బాల్ లిల్లీకి మూడేళ్లుగా ఆకులే, పువ్వు లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, మేడ మీద కుండీల్లో మొక్కలు పెంచుతాను. మూడేళ్ల కిందట కొవ్వూరులో మా అత్తగారి పెరట్లోంచి ఫుట్‌బాల్ లిల్లీ గడ్డలు నాలుగు తెచ్చుకున్నాను. కొందరు మే పువ్వు అంటారు కదా, అదే. అక్కడ కొబ్బరి చెట్టు పక్కన ఎవరూ పట్టించుకోకపోయినా ఏటా మే నెలలో ఎర్రటి బంతుల్లా విరగబూస్తుంది. నా దగ్గర ఈ మే కూడా అలాగే గడిచిపోయింది. ఆకులు మాత్రం ఏపుగా వచ్చాయి. ఏటా జనవరిలో మట్టి మార్చి, ఎరువు కలిపి మళ్లీ నాటుతున్నాను. రోజూ నీళ్లు పోస్తున్నాను. ఇంకేం చేయాలి?

జవాబు:
ఒక చెంచా డీఏపీ వేసి చూడండి.

జవాబు:
డీఏపీ వద్దండి. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి గానీ పొటాష్ ఉండదు. ఆకులకు లోటు లేదని మీరే అంటున్నారు. ముందు ఒక మాట చెప్పండి, చలికాలంలోనూ నీళ్లు పోస్తారా? ఆకులు పండితే ఏం చేస్తారు?

ప్రశ్న అడిగినవారు:
పోస్తానండి. నవంబరులో ఆకులు పసుపు రంగుకు తిరిగితే నీళ్లు చాలలేదేమో అని టెన్షన్ పడి ఇంకా ఎక్కువ పోశాను. చూడ్డానికి బాగోలేదని సగం పండిన ఆకులు కోసేశాను కూడా.

జవాబు:
అక్కడే ఉందండి చిక్కంతా. మీ అత్తగారి పెరట్లో ఎవరూ పట్టించుకోకపోవడమే దానికి కలిసొచ్చింది. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడ వానాకాలంలో పెరిగి, ఎండు కాలమంతా నేలలో నిద్రపోతుంది. వచ్చే ఏటి పువ్వుకు కావలసిన బలాన్ని ఈ ఏటి ఆకులే గడ్డలో దాచిపెడతాయి. ఆకు పచ్చగా ఉండగా కోస్తే ఆ మేరకు గడ్డ చిక్కిపోతుంది. నిద్రపోవాల్సిన రోజుల్లో నీళ్లు పోస్తే కుళ్లే ప్రమాదమూ ఉంది.

ఇక ఏటా మట్టి మార్చడం. దీని వేర్లు లావుగా, కండతో ఉంటాయి. తవ్వినప్పుడల్లా అవి తెగుతాయి, తెగితే కోలుకోవడానికి ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. మీరేమో కోలుకునేలోపే మళ్లీ తవ్వుతున్నారు. నేనూ మొదట్లో ఇదే పని చేసి రెండు మే నెలల పూలు పోగొట్టుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు జూన్ కాబట్టి ఆకులను బాగా చూసుకోండి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట కుండీ పెట్టండి. పై మట్టి ఆరాకే నీళ్లు. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు, చిటికెడు కట్టెల బూడిద చాలు. సెప్టెంబరు తర్వాత ఎరువు ఆపేయండి. ఆకులు వాటంతట అవే పండటం మొదలైతే నీళ్లు తగ్గిస్తూ పూర్తిగా మానేయండి. పూర్తిగా ఎండిన ఆకు లాగితే ఊడి వస్తుంది, అప్పుడు తీయండి. కుండీని వాన పడని మూలకు జరిపి మర్చిపోండి. ఉగాది దాటాక ఒకసారి బాగా తడిపి, మొలక కనిపించేదాకా అప్పుడప్పుడు కొద్దిగా మాత్రమే పోయండి. చాలాసార్లు ఆకుకంటే ముందు పువ్వు కాడే పైకి వస్తుంది. దాన్ని కలుపు అనుకుని పీకకండి.

ఇంకొకరు:
మేము న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ మంచు పడుతుంది, ఏం చేయమంటారు?

జవాబు:
మంచు తగిలితే గడ్డ బతకదండి. చలి ముదరకముందే కుండీని ఇంట్లోకి తెచ్చి, పది డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని చోట పొడిగా ఉంచండి. బయట రాత్రుళ్లు వెచ్చబడ్డాకే మళ్లీ నీళ్లు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. నాలుగు గడ్డలూ ఒకే కుండీలో ఉన్నాయి. పక్కన పిలకలు కూడా వచ్చాయి. విడదీయనా?

జవాబు:
ఇప్పుడు వద్దు. ఇరుకుగా ఉన్నా దీనికి ఇబ్బంది లేదు. కుండీ పగిలేంతగా నిండితే అప్పుడు, అదీ నిద్రలో ఉండగా విడదీయండి. నిమ్మకాయంత పిలకలు పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది, వాటిని చూసి దిగులు పడకండి. పెద్ద గడ్డల మీదే ఆశ పెట్టుకోండి. ఇంకో మాట, ఈ గడ్డ విషం. చూడ్డానికి ఉల్లిగడ్డలా ఉంటుంది. తవ్వి తీసినప్పుడు వంటింటి వైపు తీసుకెళ్లకండి, పిల్లలకు అందనివ్వకండి.