బేబీ సెట్‌కి రేటు ఎంత చెప్పాలి? ప్యాటర్న్ పీడీఎఫ్‌కి ఎంత?

తణుకు_అల్లికలు:
అందరికీ నమస్తే అండి. నేను క్రోషే (కొక్కెం సూదితో అల్లే అల్లిక) ఆర్డర్లు తీసుకుంటుంటా, ఎక్కువగా బేబీ సెట్లే, స్వెట్టరు, టోపీ, బూటీలు కలిపి 600. వూలు రెండు ఉండలు 180, బొత్తాలు 20, పనేమో 14 గంటలు పడుతుంది. మొన్న ఒకావిడ "బజార్లో 350కే వస్తున్నాయి కదమ్మా, ఇంట్లో ఖాళీగా కూర్చుని చేసేదేగా" అనేశారు, ఏం చెప్పాలో తోచలేదు. మీరంతా న్యాయమైన రేటు ఎలా కడుతున్నారు? ఇంకోటి, నేను సొంతంగా వేసుకున్న తామరపువ్వు డిజైన్ ఎలా అల్లాలో రాసి, అంటే ప్యాటర్న్, పీడీఎఫ్ చేసి అమ్మమని కొందరు అడుగుతున్నారు, దానికెంత పెట్టొచ్చు?

గొలుసుకుట్టు:
600లో సామాను 200 పోతే మిగిలేది 400, గంటకి 29 రూపాయలు కూడా పడట్లేదండి మీకు! సామానుకి మూడు రెట్లు అని ఒక లెక్క చెప్తుంటారు చూడండి, మీది సరిగ్గా అదే అయ్యింది. లావు వూలుతో గబగబా అయిపోయే వాటికి ఆ లెక్క సరిపోతుందేమో గానీ సన్నదారం పనికి అస్సలు పనికిరాదు, ఎందుకంటే దారం చవక, టైమ్ మాత్రం రోజులకి రోజులు తినేస్తుంది. ముందు గంట రేటు పెట్టుకోండి. 60 వేసుకున్నా 840, సామానుతో 1,040, కొరియర్ వేరే. బజార్లో ఆ 350వి మిషన్ మీద చేసిన నిట్టింగ్, క్రోషే మిషన్ మీద రాదు. షాపులో నిజం క్రోషే చవగ్గా కనిపిస్తే ఎవరో ఒకరి కూలి కోసేశారనే అర్థం.

లేసు_ఇంటి_పిల్ల:
మాది నర్సాపురం పక్క ఊరు. ఆ "ఖాళీగా కూర్చుని" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండిపోద్ది. మా అమ్మ, పెద్దమ్మ వంటా వార్పూ అయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లేవాళ్ళు, దారం లేసు వ్యాపారులే ఇచ్చేవాళ్ళు, కూలి పీసు లెక్కన, గంటలు ఎవరూ రాసిందే లేదు, ఆ టేబుల్ క్లాతులేమో విదేశాలకి పోయేవి. 2024లో మా నర్సాపురం లేసుకి జీఐ ట్యాగ్ (ఆ ఊరి పేరుకి దక్కే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, చాలా సంతోషం, కానీ దాంతోనే అల్లే చేతికి కూలి పెరిగిపోదు కదా, మనం అడగాలి. మీరు నోట్‌బుక్‌లో గంటలు రాసుకోండి అక్కా. ఎవరైనా అంత పెట్టలేమంటే రేటు తగ్గించొద్దు, టోపీ బూటీలు మాత్రమే చేసివ్వండి, వాళ్ళకీ బాగుంటుంది మీకూ నష్టం ఉండదు.

పీడీఎఫ్_ప్యాటర్న్లు:
ప్యాటర్న్ లెక్క వేరేనండి, ఒక్కసారి రాస్తే ఎంతమందికైనా అమ్మొచ్చు కాబట్టి గంటలు మొత్తం ఒక్కరి మీద వేయలేం. మన దగ్గర చిన్న డిజైన్‌కి 150 నుంచి 250 పెట్టొచ్చని నా అభిప్రాయం, బయటి దేశాల వాళ్ళకి నాలుగైదు డాలర్లు. ఎట్సీలో (చేతిపనులు అమ్మే ఆన్‌లైన్ సైట్) పెడితే లిస్టింగ్‌కి 0.20 డాలర్లు, అమ్మిన దాని మీద 6.5 శాతం, పేమెంట్ ఛార్జీలు వేరే, అవన్నీ చూసుకుని రేటు పెట్టండి. అమ్మే ముందు వేరేవాళ్ళ చేత ఒకసారి అల్లించి చూడండి, తప్పు వరస ఉంటే అక్కడే దొరికిపోతుంది. కుట్ల పేర్లు అమెరికా పద్ధతా బ్రిటన్ పద్ధతా అన్నది మొదటి పేజీలోనే రాయాలి, అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనే కుట్టునే బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటారు, అది రాయకపోతే కొన్నవాళ్ళ పువ్వు సైజు మారిపోతుంది. వేరేవాళ్ళ ప్యాటర్న్ చూసి నాలుగు కుట్లు మార్చి మనదని అమ్మడం మాత్రం వద్దు, అది కూడా ఒకళ్ళ కష్టమే.

తణుకు_అల్లికలు:
చాలా థాంక్స్ అండి అందరికీ. చేతిలో ఉన్న రెండు ఆర్డర్లు మాటిచ్చా కాబట్టి పాత రేటుకే ఇచ్చేస్తా, తర్వాత నుంచి 1,050. అడ్వాన్స్ అడగొచ్చా? కొత్తవాళ్ళు ఏమన్నా అనుకుంటారేమో అని.

గొలుసుకుట్టు:
అడగండి, సగం. కుదరదంటే కనీసం వూలు డబ్బులన్నా తీసుకోండి, వాళ్ళు అడిగిన రంగు కొన్నాక వద్దంటే ఆ ఉండలు మీ దగ్గరే మిగిలిపోతాయి.