అప్‌డేట్: అమ్మ కడుపు మంటకు కారణం తెలిసింది

విశాఖ కంచరపాలెంలో ఉండే మా అమ్మకు పరగడుపున కడుపు పైభాగంలో మంట, నాలుగు ముద్దలు తింటే తగ్గడం, అర్ధరాత్రి మళ్లీ మొదలవడం గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను. గ్యాస్ మాత్రతో సరిపెట్టకుండా ఎండోస్కోపీ (నోటి ద్వారా సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూడటం) చేయించమని చెప్పినవారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చిన్నపేగు మొదట్లో, ఆంత్రమూలంలో పుండు ఉంది.

అమ్మ ఆవకాయ మానేసింది, పాపం. పుండు పుట్టించింది కారం కాదని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. జీర్ణాశయం లోపలి పొర నుంచి తీసిన చిన్న ముక్కను పసుపు రంగు జెల్‌లో పెడితే కాసేపటికి గులాబీ రంగుకు తిరిగింది. అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. అది యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. ఆ రంగు ఆ అమ్మోనియా వల్లే. చుట్టూ ఉన్న ఆమ్లాన్ని ఆ అమ్మోనియా విరిచేస్తుంది కాబట్టే బ్యాక్టీరియా జీర్ణాశయంలో బతకగలుగుతోంది. ఈ బ్యాక్టీరియాను వెలుగులోకి తెచ్చిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి దక్కింది.

మోకాళ్ల నొప్పులకు వేసుకునే మాత్రలు కూడా ఆ పొరను దెబ్బతీస్తాయని ఆపించారు. ఇప్పుడు యాంటీబయాటిక్‌లు, ఆమ్లం తగ్గించే మాత్ర కలిపి 14 రోజుల కోర్సు. దయచేసి ఎవరూ మధ్యలో మానకండి, బ్యాక్టీరియా మొండికేస్తుంది. కోర్సు ముగిశాక కనీసం 4 వారాలు ఆగి, బ్యాక్టీరియా పోయిందో లేదో తెలుసుకోవడానికి శ్వాస పరీక్ష చేయించాలి; దానికి ముందు 2 వారాలు ఆమ్లం తగ్గించే మాత్ర ఆపాలి. మలం తారులా నల్లగా వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

శ్వాస పరీక్ష ఫలితం రాగానే మళ్లీ రాస్తాను.