అప్‌డేట్: బావి దగ్గర మోటార్ 'గుయ్' మని ఆగిపోయే సమస్య తీరింది

పరకాల దగ్గర మా కూరగాయల తోటలో 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్ స్టార్ట్ కావట్లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"వైరు పొడవు, మందం చూసి లెక్క వేయండి" అన్న సలహానే పనిచేసింది. పదో తరగతి చదివే మా పాప తన ఫిజిక్స్ పాఠంతోనే లెక్క వేసింది. కరెంటు మీటర్ నుంచి బావికి 120 మీటర్లు, రానుపోను 240. వైరు 1.5 స్క్వేర్ ఎంఎం మందం రాగిది; ఒక స్క్వేర్ ఎంఎం రాగి తీగకు మీటరుకు నిరోధం 0.0175 ఓమ్. నిరోధం: 0.0175 × 240 ÷ 1.5 = 2.8 ఓమ్‌లు. నడిచేటప్పుడు 8 ఆంపియర్లకు వైరులో 22 వోల్టులే పోతాయి. కానీ స్టార్టింగ్‌లో కరెంటు మూడు, నాలుగింతలు లాగుతుంది, అంటే 67 నుంచి 90 వోల్టులు వైరులోనే పోతాయి, అసలు దెబ్బ అక్కడే. ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెట్టి చూస్తే మీటర్ దగ్గర 225 వోల్టులు, స్టార్ట్ చేసే క్షణంలో మోటార్ దగ్గర 150, అంటే 75 తక్కువ! ఆ లెక్క నిజమవడం చూసి నాకు చాలా సంతోషమేసింది.

4 స్క్వేర్ ఎంఎం వైరు వేయించాం, నిరోధం సుమారు ఒక ఓమ్‌కు తగ్గింది. ఇప్పుడు మోటార్ వెంటనే అందుకుంటోంది.

మోటార్ స్టార్ట్ కావడానికి సాయపడే కెపాసిటర్, లోపలి తీగ చుట్లు (వైండింగ్) రెండూ బాగానే ఉన్నాయి. స్టెబిలైజర్ కూడా అవసరం పడలేదు.