సొంత కొట్లో కొడుకు కూర్చుంటే బాలకార్మికుడు అవుతాడా?

కొట్టు_నరసరావుపేట
మాది కిరాణా కొట్టు. మా నాన్న పెట్టాడు, నేను నడుపుతున్నాను. మావాడికి 12 ఏళ్లు, ఏడో తరగతి. సాయంత్రం 6 నుంచి 9 దాకా కొట్లో ఉంటాడు. పొట్లాలు కడతాడు, చిల్లర ఇస్తాడు, అప్పులు ఖాతా పుస్తకంలో రాస్తాడు. మొన్న ఒకాయన అందరి ముందూ "పిల్లాడితో పని చేయిస్తున్నావు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తా" అన్నాడు. మన బిడ్డ మన కొట్లో కూర్చుంటే నేరం ఎలా అవుతుంది?

చట్టం_చదివినవాడు
కూర్చోవడం నేరం కాదండీ, కానీ హద్దులున్నాయి. 1986 బాలకార్మిక చట్టం కుటుంబంతో కలిసి నడుపుకునే వర్క్‌షాపుల జోలికే పోలేదు. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదంది. బడి అయ్యాక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయం చేయడానికి మాత్రం వీలిచ్చింది, అదీ ప్రమాదం లేని పనుల్లో. 2017 నిబంధనల ప్రకారం రోజుకు 3 గంటలకు మించకూడదు. రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చెప్పకూడదు. పెద్దవాళ్లు చేసే పనికి బదులుగా పిల్లల్ని పెట్టకూడదు. మీరు చెప్పిన 3 గంటల్లో 2 గంటలు కుదరవు.

కొట్టు_నరసరావుపేట
కొట్టుకు బేరాలు వచ్చేదే 7 తర్వాత. అప్పుడు పంపించేస్తే ఇంక వాడు కొట్టుకు రావడం ఎందుకు? 7 దాటాక మావాడు ట్యూషన్‌లో ఉంటే ఎవరూ అడగరు, టీవీ ముందు ఉంటే అడగరు. నా పక్కన ఉంటే మాత్రం తప్పు. ఈ 7 గంటల లెక్క పెట్టినవాళ్లు ఎప్పుడైనా కొట్టు నడిపారా?

డల్లాస్_నుంచి
అమెరికాలో కూడా తల్లిదండ్రుల సొంత వ్యాపారంలో పిల్లలు పని చేయవచ్చు. ఫ్యాక్టరీ పని, గనులు, ప్రమాదకరమైన పనులు కుదరవు.

మగ్గం_ఇల్లు
మా పోచంపల్లి వైపు బడి నుంచి వచ్చి మగ్గానికి నూలు కండెలు చుట్టకుండా పెరిగినవాళ్లు తక్కువ. పని అలాగే వస్తుంది.

చట్టం_చదివినవాడు
@కొట్టు, 7 గంటలు పక్కన పెట్టండి. అంతకంటే పెద్ద షరతు ఉంది. పిల్లలు చేసే సాయం కుటుంబానికి ఆదాయం తెచ్చే పని కాకూడదు. చిల్లర అమ్మకాలు కూడా అందులోకే వస్తాయి.

కొట్టు_నరసరావుపేట
కొట్టు పెట్టేదే ఆదాయం కోసం! మరి వాడు చేసే సాయం ఏమిటి, ఈగలు తోలడమా?

టిఫిన్_సెంటర్_బిడ్డ
అన్నా, నేను హైవే పక్కన టిఫిన్ సెంటర్‌లో పెరిగాను. పొద్దున 4కి లేచి పల్లీలు వేయించడం, చట్నీ రుబ్బడం, ఉల్లిగడ్డలు కోయడం. తొలి బస్సు ఆగేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలి. బడికి పోతే చేతుల వాసనకు పక్కపిల్ల దూరం జరిగేది. టెన్త్‌లో లెక్కలు తప్పాను. చదువు మీద ధ్యాస లేదని అమ్మా నాన్నా నన్నే తిట్టారు. అన్నయ్య హాస్టల్‌లో ఉండి చదువుకున్నాడు. నాన్న పోయాక హోటల్ ఎవరి పేరు మీదికి వచ్చిందో చెప్పాలా? "నీకు పెళ్లి చేశాం కదా" అన్నారు. నేను చేసింది పని అని ఈరోజుకీ ఆ ఇంట్లో ఒక్కరూ అనరు.

కొట్టు_నరసరావుపేట
బాధగానే ఉందమ్మా. కానీ మీ నాన్నగారు చేసినదానికి నన్నెందుకు నిలదీస్తున్నావు? నేను మావాణ్ని బడి మాన్పించలేదు. జీతానికి కుర్రాణ్ని పెట్టుకునే స్తోమత నాకు లేదు. సూపర్ మార్కెట్లు, పది నిమిషాల డెలివరీలు వచ్చాక సగం బేరాలు పోయాయి.

చట్టం_చదివినవాడు
చూశారా, మీ నోటితోనే వచ్చింది. కుర్రాడికి ఇవ్వాల్సిన జీతం మీ అబ్బాయి మీద మిగులుతోంది. నిబంధన వద్దన్నది సరిగ్గా అదే.

కొట్టు_నరసరావుపేట
మీకు పిల్లలున్నారా అసలు? పుస్తకం చదివి నాకు తండ్రితనం నేర్పకండి.

అడ్మిన్
వ్యక్తిగత దూషణలు వద్దు. రెండు కామెంట్లు తీసేశాను.

సర్కారు_బడి_టీచర్
చెప్పకుండా వరసగా 30 రోజులు బడికి రాని పిల్లల గురించి హెడ్‌మాస్టర్ అధికారికి తెలియజేయాలి. రోజూ వచ్చి రెండో పీరియడ్‌లో నిద్రపోయేవాళ్ల సంగతి ఎవరికి చెప్పాలి? బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని పిల్లల్ని పని మాన్పించి బడిలో చేర్పించే శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ ఎప్పటినుంచో అంటోంది. ఇంటి పని, బయటి పని అని తేడా చూడలేదు. నేనైతే బడికి వచ్చి కళ్లు మూతలు పడే పిల్లల్నీ ఆ లెక్కలో కలుపుతాను.

మగ్గం_ఇల్లు
@కొట్టు, వాడు 9 దాకా ఉంటాడని ఆ ఒకాయనకు ఎలా తెలిసింది? సామాను కొనడానికి వచ్చినవాడు అంతసేపు ఉండడు కదా.

కొట్టు_నరసరావుపేట
మా బావమరిది. ఇంక దాచేదేముంది. మా ఆవిడకు కొడుకు ఇంజనీరు కావాలి. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకటై వాణ్ని కొట్టుకు దూరం చేస్తున్నారు. రేపు నా తర్వాత ఈ షట్టర్ ఎవరు తీస్తారు? ఇప్పుడు అలవాటు కాకపోతే డిగ్రీ అయ్యాక వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడా? నా గొడవ అదీ.

చట్టం_చదివినవాడు
ఒక సంగతి చెప్పాలి. ఈ చట్టం లెక్కలో మేనమామ కూడా కుటుంబమే. మేనత్త, బాబాయి, పిన్ని కూడా.

టిఫిన్_సెంటర్_బిడ్డ
అందుకే కదా పిన్ని ఇంట్లో చదివిస్తామని తీసుకుపోయి షాపులో పెట్టేది. అన్నా, మీకు ఆడపిల్ల ఉందా? సాయంత్రం ఎక్కడుంటుంది?

కొట్టు_నరసరావుపేట
పెద్దది అమ్మాయి, తొమ్మిదో తరగతి. ఇంట్లో వాళ్లమ్మకు సాయంగా ఉంటుంది. అప్పడాలు, వడియాలు ప్యాక్ చేస్తుంది, మా కొట్లోనే అమ్ముతాం. అది పని ఎందుకవుతుంది?

టిఫిన్_సెంటర్_బిడ్డ
ఇన్ని పోస్టుల్లో ఆ పిల్ల మాట ఒక్కసారి కూడా రాలేదు. అబ్బాయి చేసేదాన్ని రేపటి కోసం అంటున్నారు. అమ్మాయి చేసేదాన్ని ఏమీ అనడం లేదు. ఖాతా పుస్తకంలో అందరి అప్పులూ రాయిస్తున్నారు కదా, ఆ పిల్ల పేరు మీద ఒక పద్దు రాయండి. ప్యాకెట్‌కి ఇంత అని బ్యాంకులో వేయండి.

చట్టం_చదివినవాడు
అమ్మాయికి 14 నిండి ఉంటే సరే, తమ్ముడికి మాత్రం అలా ఇవ్వకండి. 14 లోపు పిల్లాడికి డబ్బిచ్చి చేయించుకుంటే సాయం అనడానికి వీలుండదు, కూలి అవుతుంది.

టిఫిన్_సెంటర్_బిడ్డ
నా కోపం అక్కడే సార్. ఇస్తే నేరం, ఇవ్వకపోతే ప్రేమ. నాకు ఏడేళ్లు వచ్చినప్పటి నుంచి అందరూ ప్రేమే చూపించారు.

కొట్టు_నరసరావుపేట
సరే, వాణ్ని 7కి పంపిస్తాను. ప్యాకింగ్ డబ్బు సంగతి మా ఆవిడతో మాట్లాడతాను. కొట్టు మాత్రం వాడిదే, ఆ మాట మారదు.

టిఫిన్_సెంటర్_బిడ్డ
వాణ్ని అడిగారా? వాళ్లక్కను అడిగారా?

కొట్టు_నరసరావుపేట
మా నాన్న నన్ను అడగలేదు.