మామిడి తోట ఆదాయంపై స్క్రూటినీ నోటీసు: ఏ ఆధారాలు సమర్పించాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారికి ఆదాయపు పన్ను చట్టం 143(2) సెక్షన్ కింద స్క్రూటినీ (రిటర్నును వివరంగా పరిశీలించే) నోటీసు వచ్చింది. పాకాల దగ్గరి మా తోటలో కాసిన తోతాపురి కాయలను దామలచెరువు మండీలో అమ్మగా వచ్చిన నగదును ఆయన బ్యాంకులో జమ చేసి, రిటర్నులో వ్యవసాయ ఆదాయంగానే చూపించారు. వ్యవసాయ ఆదాయానికి 10(1) సెక్షన్ కింద పన్ను మినహాయింపు ఉన్నప్పటికీ, అది పంట డబ్బేనని రుజువు చేయవలసింది మేమే. లేకుంటే 69ఏ కింద లెక్కచూపని సొమ్ముగా పరిగణిస్తారేమోనని ఆయన నిద్ర కూడా పోవడం లేదు.

పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ (భూమి హక్కు, సాగు వివరాలుండే రెవెన్యూ రికార్డులు) సిద్ధంగా ఉన్నాయి. మండీ చీటీలు మాత్రం పలుచని కాగితాలపై పెన్సిలుతో రాసినవి. బరువు, ధర, కమీషన్, హమాలీ కోతలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి గానీ, కొన్నింటిపై నాన్నగారి పేరుకు బదులు మా ఊరి పేరే ఉంది. ఇటువంటి చీటీలను అధికారులు అంగీకరిస్తారా, లేక మండీ యజమాని నుంచి ధ్రువీకరణ పత్రం కూడా జతచేయాలా? విచారణ ఫేస్‌లెస్ పద్ధతిలో, అంటే అధికారిని నేరుగా కలవకుండా, పోర్టల్ ద్వారానే జరుగుతుంది కనుక, ఇవన్నీ మొదటి సమాధానంలోనే పంపడం మంచిదా, లేక 142(1) కింద ప్రశ్నావళి వచ్చేదాకా ఆగవచ్చా? ఇటువంటి విచారణను ఎదుర్కొన్న రైతు కుటుంబాలవారు, ఆడిటర్లు దయచేసి తెలియజేయగలరు.