కడుపుతో ఉన్న సంగతి డ్యూటీలో ముందే చెప్పాలా, దాచాలా?

బాలానగర్_బిడ్డ
జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్యాకింగ్ సెక్షన్‌లో చేస్తున్నాను. రెండేళ్లు దాటింది. ఇప్పుడు నాకు నాలుగో నెల. మొన్నటిదాకా విజువల్ ఇన్‌స్పెక్షన్‌లో, కూర్చొని చేసే పని. సంగతి తెలిసిన రెండో రోజే కార్టన్ లైన్‌కి మార్చారు. షిఫ్టు అంతా నిలబడాలి. అడిగితే, "కష్టమైతే ఇంటి దగ్గర రెస్ట్ తీసుకో, కాన్పు అయ్యాక చూద్దాం" అన్నాడు సూపర్‌వైజర్.

బాత్రూంకి పోవాలంటే గౌను, హెడ్ కవర్, షూ కవర్ అన్నీ విప్పాలి, వచ్చి మళ్లీ కొత్తవి వేసుకోవాలి, చేతులు కడగాలి. పోయి రావడానికి పావుగంట. షిఫ్టులో రెండుసార్లు దాటితే లైన్ లీడర్ పేరు రాసుకుంటోంది. అందుకే నీళ్లు తాగడం తగ్గించేశాను.

నాతో చేసే ఒకామె ఆరో నెల దాకా ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ గౌను లోపల ఏం కనిపిస్తుంది? ఆమెను ఎవరూ కదిలించలేదు. నాదీ బయటపడకుండా ఉండాల్సిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఏఎన్‌ఎం_అక్క
ముందు నీళ్లు తాగు చెల్లె. మూత్రం ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, కడుపుతో ఉన్నప్పుడు అది మంచిది కాదు. మిగతాది తర్వాత మాట్లాడదాం.

నకిరేకల్_టీచరమ్మ
దాచాల్సింది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు చెప్పాను. ఐదో నెలలో, దసరా సెలవులకు ముందు, మంచిగా పోయి కరస్పాండెంట్‌కి చెప్పాను. "మార్చి పరీక్షల టైంకి ఇబ్బంది కాకుండా ఇప్పుడే చెప్తున్నా సార్, సిలబస్ ముందే ముగిస్తా" అని. సెలవుల తర్వాత ఆఫీసు రూంకి పిలిచారు. కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేయుచున్నాను" అని. పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు, క్యాప్ తీసి మరీ. మర్యాదగా ఉన్నందుకు అదీ ఫలితం. నా మాట విను చెల్లె, పొట్ట కనిపించేదాకా నోరు విప్పొద్దు.

షిఫ్ట్_ఇన్‌చార్జి (చౌటుప్పల్)
మేడం, దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. మీది బ్లాక్‌బోర్డు, మాది మందుల ఫ్యాక్టరీ. 14 ఏళ్లుగా ఇదే లైన్‌లో ఉన్నా. ప్యాకింగ్ పర్వాలేదు. కానీ మనుషులు తక్కువైతే ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి పంపుతాం. సాల్వెంట్ వాసన ఉన్నచోటికి, పౌడర్ లేచే చోటికి. చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది? రేపు ఏమైనా అయితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ముందే చెప్పాలి, అదీ మొదటి నెలలోనే.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
చెప్పడం, దాచడం తర్వాత. 80 రోజులు నిండాయా? కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటేనే ప్రసూతి సెలవు డబ్బుకు హక్కు. 1961 చట్టంలో మొదట 160 రోజులు ఉండేది, 1988 సవరణ నుంచి ఈ 80 లెక్క. రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు హాజరు పట్టీ రాసినవాణ్ణి. జీతంతో ఇచ్చిన పండగ సెలవులు, పని లేదని వాళ్లే కూర్చోబెట్టిన రోజులు కూడా ఆ 80లోకి వస్తాయి. చాలామందికి ఇది తెలియదు.

బాలానగర్_బిడ్డ
రెండేళ్లు చేశాను కదా పెద్దాయనా, నిండకుండా ఎలా ఉంటాయి?

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
రెండేళ్లు ఎవరి కింద చేశావు? కాంట్రాక్టరు మారాడా?

గడియారం_క్లాత్‌స్టోర్
అందరూ ఆడవాళ్ల వైపే మాట్లాడితే ఎలా? నల్గొండలో నాకు చిన్న బట్టల దుకాణం. ఏడుగురు పనివాళ్లు. ఒకమ్మాయి దసరా సీజన్ నెత్తి మీద ఉండగా వచ్చి, "అన్నా, నాకు ఏడో నెల, రేపటి నుంచి రాను, 26 వారాల జీతం ఇవ్వాలి, లేకపోతే కేసు" అంది. ఆరు నెలల జీతం నేను ఎక్కడి నుంచి తేవాలి? చీరలు మడతపెట్టేది ఎవరు? దాచిపెట్టడం మోసం. సీజన్‌కి ముందే చెప్పి ఉంటే ఇంకొకరిని చూసుకునేవాణ్ణి.

నకిరేకల్_టీచరమ్మ
ముందే చెప్పి ఉంటే ముందే తీసేసేవాడివి. నువ్వే రాశావు, "ఇంకొకరిని చూసుకునేవాణ్ణి" అని.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
దుకాణదారూ, పది మంది లోపు ఉన్న షాపుకు ఆ చట్టం పట్టదు. ఈఎస్‌ఐ, అదే జీతంలో చందా కోసే కార్మికుల బీమా, అదీ పది మంది నుంచే. నీ మీద కేసు నిలబడదు, ఊరికే భయపడ్డావు.

గడియారం_క్లాత్‌స్టోర్
మరి ఆ అమ్మాయి నన్ను ఎందుకు బెదిరించింది? దానికెవరు జవాబు చెప్తారు? మా దుకాణంలో ఆమెకు పండక్కి చీర పెట్టాం, బోనస్ ఇచ్చాం.

కొల్లాపూర్_కుర్రాడు
అన్నా, నీ చీర సంగతి కాదు ఇక్కడ.

నాగర్‌కర్నూల్_పెద్దమ్మ
మా కాలంల నాట్లేసుకుంటనే నొప్పులు పడ్డం. నేను నా పెద్దకొడుకును కన్న నాడు పొద్దుగాల పదకొండు దాంక పల్లి చేన్ల ఉన్న. ఇప్పటోళ్లకు కుర్చీలు గావాలె, ఆరునెలల లీవు గావాలె. నిలబడితే ఏమైతదమ్మా?

ఏఎన్‌ఎం_అక్క
పెద్దమ్మా, ఎంతమందిని కన్నవు, ఎంతమంది బతికిన్రు?

నాగర్‌కర్నూల్_పెద్దమ్మ
ఆరుగురిని కన్న. నలుగురున్నరు.

నకిరేకల్_టీచరమ్మ
నిలబెట్టి పనిచేయించడమే నేరం. గర్భిణిని ఎక్కువసేపు నిలబెట్టకూడదని చట్టంలోనే ఉంది. ఇన్‌చార్జి గారు దీనికి ఏమంటారో?

షిఫ్ట్_ఇన్‌చార్జి (చౌటుప్పల్)
ఉంది మేడం. కానీ పూర్తిగా చదవండి. కాన్పుకు ముందు ఆరు వారాలు, దానికి ముందు ఒక నెల. ఆ నెల రోజులూ ఆమె అడిగితే బరువు పని, ఎక్కువసేపు నిలబడే పని ఇవ్వకూడదు. ఆ ఆరు వారాల్లో కూడా సెలవు పెట్టకుండా పనికొస్తే అంతే. అంటే ఇంచుమించు ఏడో నెల నుంచి. నాలుగో నెలకి ఆ రూలు లేదు. హెచ్‌ఆర్ వాళ్లు మాకు ట్రైనింగ్‌లో చెప్పింది ఇదే.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
ఆయన చెప్పింది కరెక్టే. అలా పని మార్చినందుకు జీతం కోయకూడదని కూడా ఉంది. ఆ ముక్క ట్రైనింగ్‌లో చెప్పారా?

నకిరేకల్_టీచరమ్మ
అదీ అసలు రంగు. "ముందే చెప్పండి, మీ మంచికే" అన్నారు. ముందే చెప్తే ఏమొస్తుందని అడిగితే "నాలుగో నెలకి రూలు లేదు" అంటున్నారు. మరి మొదటి నెలలో చెప్పి ఏం చేసుకోవాలి? సూటిగా అడుగుతున్నా. ఈ 14 ఏళ్లలో మీకు వచ్చి చెప్పినవాళ్లని మీరేం చేశారు?

షిఫ్ట్_ఇన్‌చార్జి (చౌటుప్పల్)
ఇది పర్సనల్‌గా తీసుకోవద్దు.

నకిరేకల్_టీచరమ్మ
నా సంతకం పర్సనల్‌గానే పెట్టించారు. చెప్పండి.

మక్తల్_మనిషి
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

బాలానగర్_బిడ్డ
నా బతుకు మీద పాప్‌కార్న్ తినకండి అన్నా.

షిఫ్ట్_ఇన్‌చార్జి (చౌటుప్పల్)
సరే, రాస్తాను. నా షిఫ్టులో ఒకమ్మాయి లైన్ మీదే కూలబడిపోయింది. అప్పుడే తెలిసింది మూడో నెల అని. ఎవరికీ చెప్పలేదు. కంపెనీ అంబులెన్స్‌లో పంపాం, గర్భం నిలవలేదు. మర్నాడు వాళ్లన్న పదిమందిని వెంటేసుకొని గేటు దగ్గరికి వచ్చి నన్ను చొక్కా పట్టుకున్నాడు. నాకు మెమో, ఆ ఏడాది ఇంక్రిమెంట్ కట్. నేను చేసిన తప్పేంటి? నాకు తెలియదు. అందుకే చెప్పమంటున్నా.

ఇక చెప్పినవాళ్ల సంగతి. లైన్‌కి 11 మంది అని కౌంట్ ఇస్తారు. ఒకరిని కూర్చోబెడితే పది మందితో అదే టార్గెట్ లాగాలి. కూర్చునే స్టూళ్లు సెక్షన్ మొత్తానికి నాలుగు. వాటిలో ఆల్రెడీ సీనియర్లు ఉంటారు. వాళ్లని లేపితే గొడవ, ఆ గొడవ చేసేదీ ఆడవాళ్లే. నాకు గుర్తున్నంతలో ఐదుగురు చెప్పారు. ఇద్దరిని కూర్చోబెట్టగలిగాను. ముగ్గురిని "రెస్ట్ తీసుకోండమ్మా" అన్నాను.

నకిరేకల్_టీచరమ్మ
ఆ ముగ్గురూ తిరిగి వచ్చారా?

షిఫ్ట్_ఇన్‌చార్జి (చౌటుప్పల్)
లేదు.

నకిరేకల్_టీచరమ్మ
ఆ పడిపోయిన అమ్మాయి ఈ ముగ్గురినీ చూసే ఉంటుంది.

గడియారం_క్లాత్‌స్టోర్
ఆయన్ని అంటారేంటి, ఆయనా జీతగాడే కదా.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
మీరంతా కొట్టుకుంటున్నారు, నేనడిగిన దానికి జవాబు రాలేదు. అమ్మా, సూపర్‌వైజర్‌కి నువ్వు నోటితో చెప్పావా, కాగితం మీద రాసిచ్చావా? తేదీ ఏంటి? రేపు నిన్ను మానిపిస్తే, "మాకు ఆమె గర్భిణి అని తెలియనే తెలియదు" అంటారు. గర్భంతో ఉన్నప్పుడు తీసేసినా, తీసేయకపోతే రావాల్సిన ప్రసూతి డబ్బు పోదు. కానీ వాళ్లకు తెలుసని చూపించాలి కదా.

బాలానగర్_బిడ్డ
నేను చెప్పలేదు.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
మరి ఎవరు చెప్పారు?

బాలానగర్_బిడ్డ
మా ఆయన. ఆయన అక్కడే లోడింగ్‌లో చేస్తాడు, అదే కాంట్రాక్టరు కింద. "మా ఆమెకి ఇట్లా ఉంది, కొంచెం తేలిక పని చూడన్నా" అని చెప్పాడట. మంచికే చెప్పాడు. నేను ఇంకో నెల ఆగుదామనుకున్నా, నాతో ఒక మాట కూడా అనలేదు. లైన్ మార్చాక అడిగితే, "నేను చెప్పిందేంటి, వాడు చేసిందేంటి" అని తల పట్టుకున్నాడు. ఇప్పుడు నేను కంప్లైంట్ పెడితే ఆయన డ్యూటీ కూడా పోతుందని భయం. అత్తమ్మ ఎలాగూ మానెయ్యమనే అంటోంది.

గడియారం_క్లాత్‌స్టోర్
భర్త చెబితే తప్పా? బిడ్డ ఆయనది కూడా కదా.

నకిరేకల్_టీచరమ్మ
బిడ్డ ఆయనది. ఉద్యోగం ఆమెది. ఆయన కాంట్రాక్టరు దగ్గర ఆయన జీతం గురించి మాట్లాడుకోమనండి, ఆమె నెల తప్పిన సంగతి మాట్లాడటానికి ఆయనెవరు?

నాగర్‌కర్నూల్_పెద్దమ్మ
గట్లనకు బిడ్డా. మొగుడు గాక ఇంకెవరు మాట్లాడ్తరు?

షిఫ్ట్_ఇన్‌చార్జి (చౌటుప్పల్)
ఒక మాట చెప్తాను, తిట్టుకోవద్దు. మాకు చాలాసార్లు ఇంట్లోవాళ్లే ఫోన్ చేస్తారు. భర్త, అత్త, ఒక్కోసారి తండ్రి. "సార్, మేం చెప్తే వినట్లేదు, మీరే ఏదో ఒకటి చెప్పి మానిపించండి" అంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి అలాగే జరిగింది. అన్ని తిట్లూ మేనేజ్‌మెంట్‌కేనా?

(దీని తర్వాత దాదాపు గంటసేపు ఎవరూ ఏమీ రాయలేదు.)

నకిరేకల్_టీచరమ్మ
మీ మీద కోపం తగ్గలేదు. వాళ్లు మానిపించమంటే మీరు మానిపించారు. ఆమెను పిలిచి "నీకేం కావాలి" అని అడగలేదు.

కానీ ఇది కూడా రాస్తాను. ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి పోయాను. ఎందుకు పెట్టావని ఒక్కరు అడగలేదు. మా అత్తగారు మా మరిదిని బేకరీకి పంపి స్వీట్లు తెప్పించారు. నేను ఏడుస్తుంటే, "మొదటి కాన్పు భయం, అందరికీ ఉంటుంది" అన్నారు. ఆ కరస్పాండెంట్‌కి మా ఇంటి నుంచి ఎవరైనా ఫోన్ చేశారా అని నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు. ఇవాళ అనుకుంటున్నా.

కొల్లాపూర్_కుర్రాడు
అక్కా...

ఏఎన్‌ఎం_అక్క
బాలానగర్ చెల్లె, నువ్వు పని చేయాలనుకుంటున్నావా, మానాలనుకుంటున్నావా? ఇంత పొడుగు చర్చలో ఎవరూ అడగలేదు.

బాలానగర్_బిడ్డ
చేయాలి అక్కా. కాన్పు దాకా కాకపోయినా ఎనిమిదో నెల దాకా. ఇంటి మీద మహిళా సంఘం అప్పు నా పేరు మీదే ఉంది. ఆయన లోడింగ్ డబ్బు ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
అయితే విను. జీతం 21,000 లోపే కదా? స్లిప్పులో ఈఎస్‌ఐ కోత ఉందా?

బాలానగర్_బిడ్డ
ఉంది. కానీ జూన్‌లో ఏజెన్సీ పేరు మారింది. కొత్త ఐడీ కార్డు ఇచ్చారు. సూపర్‌వైజర్ పాతవాడే, బస్సు పాతదే.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
అందుకే కదా మొదటి రోజే అడిగాను, ఎవరి కింద చేశావని! పేరు మార్చి "నువ్వు కొత్తగా చేరావు" అంటారు. మిల్లులోనూ ఇదే చేసేవాళ్లు, ఆ పట్టీలు రాసింది నేనే. ఈఎస్‌ఐకి 80 కాదు, 70 రోజుల చందా లెక్క. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక కాలం, అక్టోబర్ నుంచి మార్చి ఒక కాలం. వెనకటి రెండు కాలాల్లో కలిపి 70 రోజులు ఉండాలి. ఏజెన్సీ మారినా ఈఎస్‌ఐ నంబర్ ఒకటే ఉండాలి, రోజులన్నీ దాని మీదే చేరతాయి. పాత స్లిప్పులో నంబర్, కొత్త స్లిప్పులో నంబర్ పక్కపక్కన పెట్టి చూడు.

26 వారాల డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ, కాంట్రాక్టరు జేబులోంచి కాదు. బతికి ఉన్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉంటే అంత. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి తీసుకోకూడదు. వాడికి పైసా ఖర్చు లేదు, అయినా నిన్ను ఎందుకు వదిలించుకుంటున్నాడంటే ఇన్‌చార్జి గారు చెప్పిన ఆ 11 మంది లెక్క కోసమే.

గడియారం_క్లాత్‌స్టోర్
ఈ ఈఎస్‌ఐ నా దుకాణానికీ పెట్టించుకోవచ్చా?

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
దానికి వేరే పోస్టు పెట్టు.

షిఫ్ట్_ఇన్‌చార్జి (చౌటుప్పల్)
అమ్మా, ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో గర్భం సర్టిఫికెట్ రాయించుకో. దాంతో పాటు సగం పేజీ లెటర్, "ఫలానా తేదీకి కాన్పు, నిలబడే పని బదులు పాత పని ఇవ్వగలరు" అని. సూపర్‌వైజర్‌కి ఇవ్వొద్దు, చింపేస్తాడు. కంపెనీ హెచ్‌ఆర్‌కి ఒకటి, కాంట్రాక్టరుకి ఒకటి, స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ పెట్టించి. కంప్లైంట్ అనే మాట రాయకు. రిక్వెస్ట్ అని రాయి. మీ ఆయన పేరు అందులో ఎక్కడా రావద్దు.

నకిరేకల్_టీచరమ్మ
రిక్వెస్ట్ అట. సరే, అలాగే రాయి. జిరాక్స్ పెట్టుకో. తెల్ల కాగితం మీద గానీ, టైపు చేసిన దాని మీద గానీ వాళ్లిచ్చిన దేని మీదా సంతకం పెట్టకు. "ఇంటికి తీసుకుపోయి చదివి తెస్తా" అను.

బాలానగర్_బిడ్డ
నంబర్లు చూశాను. రెండింటిలో ఒకటే ఉంది. ఆయనతో రాత్రి మాట్లాడాను. "నా పేరు రాకుండా రాసుకో" అన్నాడు, కాసేపాగి లెటర్ ఆయనే రాసిపెట్టాడు, నాది చేతిరాత బాగుండదని. తేదీ ఒక్కటీ నేను వేశాను. రేపు పొద్దుటి షిఫ్టు, 4:40కి బస్సు. డ్యూటీ దిగాక పోస్టాఫీసుకి పోతా.

ఏఎన్‌ఎం_అక్క
వాటర్ బాటిల్?

బాలానగర్_బిడ్డ
లైన్‌లోకి తేనివ్వరు అక్కా. బస్సులో తాగి దిగుతా. పేరు రాసుకుంటే రాసుకోనీ.

హాజరుపట్టీ (మిర్యాలగూడ)
రాసుకున్న తేదీలు నువ్వూ రాసిపెట్టుకో. పాత ఏజెన్సీ స్లిప్పులు పారేయకు.