మాడ్యూళ్లు పేరుస్తుంటే పై వరుసలో బోల్టు రంధ్రాలు కలవడం లేదు

ప్రశ్న:
మూడంతస్తుల హాస్టల్. 12 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పున్న స్టీల్ ఫ్రేమ్ మాడ్యూళ్లు (ఫ్యాక్టరీలో తయారై వచ్చే గదుల పెట్టెలు), అంతస్తుకు 8. కింది వరుస బాగానే కూర్చుంది. పై వరుసలో నాలుగోదానికి వచ్చేసరికి మూల బోల్టు రంధ్రాలు 12 మి.మీ. పక్కకి పోయాయి. గ్యాస్ కట్టర్‌తో పెద్దవి చేసి బిగించేద్దామంటున్నారు ఫిట్టర్లు. చేయొచ్చా?

జవాబు 1:
వద్దండి. గ్యాస్‌తో కోస్తే రంధ్రం ఎగుడుదిగుడుగా వస్తుంది, బోల్టు ఒక పక్కే ఆనుతుంది. పెద్ద రంధ్రమే కావాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి, మందపాటి ప్లేట్ వాషర్‌తో ఇవ్వాలి.

ముందు తేడా ఎక్కడ పుట్టిందో పట్టుకోండి. పక్క మాడ్యూల్‌ను చూసి సర్దుకుంటూ పోతే ఒక్కోదానికి 3 మి.మీ. చొప్పున నాలుగోదానికి 12. మీ అంకె అచ్చం అలాగే ఉంది! కొలత ఎప్పుడూ గ్రిడ్ గీత (మొత్తం బిల్డింగుకి ముందే గుర్తుపెట్టిన ఆధార గీత) నుంచే తీయాలి. మాడ్యూళ్ల మధ్య సందు వదిలేది ఈ తేడాల్ని మింగడానికే.

నాలుగోదాని అడుగు ఫ్రేమ్ కర్ణాలు రెండూ టేపుతో కొలవండి; సమానంగా లేకపోతే ఫ్రేమే వంకరపోయినట్టు. నాలుగు స్లింగులూ (ఎత్తే తాళ్లు) ఒకే కొక్కేనికి తగిలించి ఎత్తితే అవి మూలల్ని లోపలికి లాగుతాయి, ఫ్రేమ్ వంకరపోతుంది. అందుకే స్ప్రెడర్ బీమ్ (తాళ్లను ఎడంగా నిలిపే అడ్డదూలం) కావాలి.

జవాబు 2:
సందు మాట వచ్చింది కాబట్టి: నిప్పంటుకుంటే అది పొగగొట్టంలా పనిచేస్తుంది. ప్రతి అంతస్తు మట్టం దగ్గర రాతి ఉన్ని అడ్డు పెట్టాలి. పై మాడ్యూల్ కూర్చున్నాక చెయ్యి దూరదు.

తర్వాత ఊడదీయాల్సి వస్తే చెయ్యి అందేలా, పైపుల జాయింట్లు కారిడార్ వైపు తలుపున్న షాఫ్టులో (పైపులు పోయే నిలువు గూడు) ఉండాలి. టోక్యోలో 1972లో కట్టిన నకాగిన్ టవర్‌లో 140 క్యాప్స్యూళ్లు (ఇలాంటి గది పెట్టెలే), ఒక్కోదానికి నాలుగు బోల్టులు. పాతికేళ్లకోసారి మార్చొచ్చన్నారు. తీరా చూస్తే పైవి తీయకుండా కిందది బయటికి రాదు. ఒక్కటీ మార్చకుండానే 2022లో కూల్చేశారు. ఊడదీయగలగడం వేరు, ఊడదీసే దారి ఉండడం వేరు.

ప్రశ్న అడిగినవారు:
కర్ణాల తేడా 2 మి.మీ.లోపే. పక్కదాన్ని చూసే సర్దారట. రాతి ఉన్ని మాత్రం ఎక్కడా పెట్టలేదు.

జవాబు 1:
అయితే నాలుగూ ఎలాగూ లేపాల్సిందే. చివరి నుంచి ఒక్కోటీ దించండి, కింది వరుస నెత్తిన ఉన్ని పరిచి, గ్రిడ్ నుంచి కొలిచి మళ్లీ కూర్చోబెట్టండి. మూలల్లో మొన తేలిన గైడ్ పిన్నులు పెడితే మాడ్యూల్ దానంతటదే దారిలో పడుతుంది. మొత్తం వరుస సరిచూశాకే బోల్టులు పూర్తిగా బిగించండి.